ఇత్తడిరాయుడు

మొంటానా, ఐడహో మొదలగు పడమటి అమెరికా రాష్ట్రములలో, కారు కొఱకు కట్టబడియు కారునకు చోటులేని యొకానొక గరాజునందు, రాత్రి భోజనానంతరము, కళ్లజోడు ముక్కుకొనకు జార్చికొని, పేలిన తూటా యొక్క ఖాళీ తొడుగును రెండు వ్రేళ్లనడుమ త్రిప్పి త్రిప్పి పరీక్షించు పెద్దమనుష్యు డెవడైన మీకు గానవచ్చినచో, అతడు నగల వర్తకుడని భ్రమపడకుడు, పేలిన తొడుగులతోనే మఱల తూటాలు చేసికొను ఇత్తడిరాయుడు అతడే. అనుమతిపత్రము లేనిదే తూటాలు తయారుచేయరాదని 1959 నాటి ఆయుధచట్టము శాసించుటచే మన దేశమున ఈ జాతి అపురూపము. అక్కడనో, వేటయు గుఱిపందెములును గల యూళ్లలో ఇట్టివాడొకడు లేకపోడు.

నూటికి 70 పాళ్లు రాగియు 30 పాళ్లు జింకును గల ఆ ఇత్తడి తొడుగు, తుపాకి పేలినప్పుడు లోపలి వాయువుల యొత్తిడికి ఉబ్బి, ఛాంబరు గోడలకు హత్తుకొని, పిదప కొంత ముడుచుకొన్నను పూర్వరూపమునకు రాదు. దానిని ఉక్కు డైలోనికి ప్రెస్సుతో నొక్కి మఱల కొలతకు దెచ్చుటయే రాయుని జీవితపరమార్థము. తక్కువ నొక్కినచో తుపాకి బోల్టు మూతపడదు. ఎక్కువ నొక్కినచో పేల్చినప్పుడెల్ల తొడుగు సాగి సాగి తుదకు అడుగుకడ తెగును. కావున తొడుగు భుజమును, అనగా మెడక్రింది వాలును, అంగుళములో వెయ్యింట రెండు పాళ్లు మాత్రమే వెనుకకు జరుపవలెనని యతని మతము. ఆ రెండు పాళ్ల యిరుకుసందులోనే యతడు సుఖముగ కాపురముండును. మెడను మాత్రమే నొక్కువారు, నిలువెల్ల నొక్కువారు అని వీరిలో రెండు పక్షములు కలవు. ఇరువురును ఒక పంక్తిని భుజింతురు గాని, ఒకరి తూటాను మఱియొకరు మెచ్చరు.

నొక్కుటకు ముందు తొడుగునకు జిడ్డు పూయవలెను. ఇందులకు గొఱ్ఱెయున్నినుండి తీసిన లానోలిను ప్రశస్తము. దానిని పూయునప్పుడు రాయునకు గల ఓపిక, పండుగనాడు మనుమలకు తలంటు పోయు మామ్మగారి చేతికైనను ఉండదు. జిడ్డు హెచ్చినచో తొడుగు భుజమున సొట్టలు పడును. తగ్గినచో తొడుగు డైలో బిగిసి, మీట లాగినంతనే అంచు మాత్రము ఊడివచ్చి తక్కినదంతయు లోపల స్థిరనివాస మేర్పఱచుకొనును. అప్పుడు దాని యడుగున రంధ్రము చేసి, మర చెక్కి, బోల్టు బిగించి పెఱికివేయుటకు ప్రత్యేకపరికరములు అమ్ముదురు. రాయుని బల్లసొరుగున అట్టిదొకటి కలదు. ఎవరైన స్నేహితునకు అక్కఱపడునేమోయని కొనియుంచితినని యతడు చెప్పును.

నొక్కిన తొడుగు లావు తగ్గి పొడవు పెరుగును. .308 విన్చెస్టర్ తొడుగు 2.015 అంగుళములు మీఱరాదు గావున పెరిగినదానిని కోయవలెను. కోసినచోట మిగిలిన గఱుకును లోపలను వెలుపలను గీకవలెను. పలుమాఱు నొక్కుడుపడి బిరుసెక్కిన మెడ పగులకుండ దానిని మంటపై కాచి మెత్తబఱుపవలెను. పనికొక పనిముట్టు, పనిముట్టునకొక పెట్టె, పెట్టెకొక అర! ఇదంతయు ఎందులకని యడిగితిరా, "పొదుపునకు" అని గంభీరముగ పలికి, 1943లో, గుండ్లు దొరకని యుద్ధకాలమున, పేలిన .22 తొడుగులతోనే గుండ్లకు కవచములు చేయు డైలు కల్పించిన ఒరోవిల్ వాసి ఫ్రెడ్ హంటింగ్టన్ చరిత్రమును పురాణమువలె వినిపించును.

"తూటాపై మిగిలినదానితో ప్రెస్సు కొంటిరి, ప్రెస్సుపై మిగిలించుటకై త్రాసు కొంటిరి, ఇంక నాలుగు వస్తువులపై పొదుపు చేసితిరేని మనము ఇల్లమ్ముకొనవచ్చును. అంగడిలో పెట్టెలకొలది తూటాలు అమ్ముచున్నారు గదా!" అని యిల్లాలు అనును.

"అవి ఎల్లవారి తుపాకులకును పట్టునవి. ఇది నా తుపాకికి మాత్రమే పట్టును" అని రాయుడు ఏదో పతివ్రతను గూర్చి పలికినట్లు పలుకును. ఈ మాటలో నిజము లేకపోలేదు: ఏ ఛాంబరులో ఉబ్బెనో దానికే సరిపోవునట్లు కొద్దిగ నొక్కిన తొడుగు ఆ తుపాకిలో ఎక్కువకాలము మన్నును. అయినను ఆ సహధర్మచారిణి కొలతలపై ఇంతటి శ్రద్ధ భర్తకు వివాహదినమున ఉండెనా యని తన యుంగరపు వ్రేలిని చూపి యడిగినప్పుడు, రాయుడు కొలతలు చూచు కాలిపరు కొఱకు వెదకుకొనును.

ఇక గుఱిమైదానమున రాయుని చూడవలెను. ప్రక్కబల్లపై కుఱ్ఱవాడొకడు అంగడితూటాలను పేల్చి, దుర్భిణితో లక్ష్యమును చూచి గంతులు వేయుచుండును. రాయుడును పేల్చును, కాని యందఱి చూపులు వంద గజముల యావలనున్న కాగితముపై నుండగా, అతని చూపు మాత్రము తన పాదములకడ పడిన తొడుగుపై నుండును. దానిని వేడి వేడిగ నేఱుకొని, మెడ పగులలేదని నిశ్చయించుకొని, ఉబ్బిన మేర తడిమి చూచుకొని సంతసించును. "గుఱి తగిలినదా తాతా?" అని కుఱ్ఱవాడు అడుగగా, "అది పిదప చూడవచ్చును, నాయనా! ముందు నీవు పాఱవేసిన ఆ ఖాళీ తొడుగులు నీకు కావలెనా, చెప్పుము" అనును.