‘లాగి వదలుము’: టీకా తాత్పర్య సహితము

మూలము: “ఈ క్రింది చిత్రములను లాగి తగిన గడులలో వదలుము.”

అవతారిక: నిజామాబాద్ జిల్లాలోని ధర్పల్లి బడిపిల్లల కోసం పసుపు పనులపై ఒక కంప్యూటరు పాఠం కూర్చబడినదని, అందులో తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పాలిష్ పట్టడం అనే నాలుగు చిత్రాలు, ఒకటి మొదలు నాలుగు వరకు అంకెలు వేసిన నాలుగు గడులు ఉన్నవని ఊహించి ఈ వాక్యాన్ని వ్యాఖ్యానించవలెను. అదే జిల్లా బోధన్‌లో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని, చెరకు చక్కెరయ్యే క్రమాన్ని తీసుకొనవచ్చును గదా అంటే, 2015 డిసెంబరులో అది మూతపడే నాటికి ఇప్పటి ఐదవ తరగతి బాలుడు ఊయలలో ఉన్నవాడు గనుక, చూచిన పసుపే మేలు.

ప్రతిపదార్థము: చిత్రములను = జరుపదగిన బొమ్మలను; లాగి = మౌసు మీటను నొక్కిపట్టి గాని, తెరపై వేలు ఆనించి గాని, ఎత్తకుండా జరిపి; తగిన = పాఠకర్త మనసులో తగినదిగా ఉన్న; గడులలో = బొమ్మను స్వీకరించుటకు ఏర్పరచిన చోట్లలో; వదలుము = వేలు తీయుము. ‘నీవు’ అనే కర్త అధ్యాహారము, అనగా వాక్యంలో లేకున్నను చదువరి తెచ్చి కలుపుకొనవలసినది.

టీక: ‘లాగి’ క్త్వార్థకము, అనగా తరువాత రాబోయే పనికి ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ, దానికిని సమాపక క్రియకును కర్త ఒక్కడే కావలెనని నియమము. తమ్ముడు బొమ్మను లాగుచుండగా, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనును అన్న లాగుకొన్నచో ఈ నియమానికి భంగము కలుగుతుంది. మరొక చిక్కు ఏమనగా ఈ పదంలో శ్లేష ఉన్నది: ఫోనులో వేలితో లాగినపుడు బొమ్మ కదలవలెనా, పేజీయే పైకి జరగవలెనా అన్నది తెరకు తెలియదు. 1999లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 కోసం రూపొందించగా తరువాత వెబ్ పేజీల భాషయైన హెచ్‌టీఎంఎల్5 లోనికి ఎక్కిన లాగుడు పద్ధతి మౌసును నమ్ముకొని పుట్టినది గనుక, వేలిని చాలాకాలం గుర్తించనే లేదు.

‘లో’ తెలుగులో షష్ఠీ ప్రత్యయము. సగము లోపల, సగము వెలుపల పడిన బొమ్మ ‘లో’ పడినట్లేనా అను సందేహానికి, అంచు తగిలినను స్వీకరించి గడియే దానిని నడిమికి జరుపుకొనవలెనన్నది సమాధానము; ఈ గుణాన్నే పాఠాలు కూర్చేవారు ‘స్నాప్’ అందురు. పసుపు గురించి అడుగుచు గురి కొట్టే నేర్పును పరీక్షించుట అన్యాయము.

‘తగిన’ అన్నదే ఈ వాక్యానికి ప్రాణము. నాలుగు బొమ్మలకు నాలుగే గడులున్నచో నాలుగవది పరిశేష న్యాయాన, అనగా మిగిలినదే జవాబన్న తర్కాన, తనంత తానే చేరిపోతుంది. పైగా తప్పు బొమ్మ వెంటనే వెనుకకు పోయే ఏర్పాటు ఉన్నచో, ఏమీ తెలియని బాలుడు కూడ నాలుగు, మూడు, రెండు, ఒకటి చొప్పున పది లాగుళ్ళకు మించకుండ పాఠం పూర్తి చేయగలడు. చివరగా ‘సరిచూడు’ అన్న మీట ఒక్కటే ఉంచినచో ఇరువది నాలుగు వరుసలలో సరియైనది ఒక్కటే గనుక ఊహకు పని తగ్గి బుద్ధికి పని పెరుగుతుంది. బెల్లపు పెనము బొమ్మను ఐదవదిగా కలుపుట ఇంకను మంచిది. పసుపు ఉడికే చోటును ఎరిగిన పిల్లవాడు మోసపోడు, పొగను మాత్రమే చూచి గుర్తుపట్టేవాడు మోసపోవును. ఉడకబెట్టనిదే పచ్చి వాసన పోదు, రంగు దుంపంతటా సమముగా పట్టదు, ఎండుటకు ఎక్కువ దినములు పట్టును. ఈ కారణము తెలిసినవాడే రెండవ గడిని గుర్తించును గనుక ఇచట లాగుటకు అర్థమున్నది. పేరును బొమ్మపైకి చేర్చుమనే పాఠాలలో లాగుడు వట్టి అలంకారము, అదియు శబ్దాలంకారము. అట్టి పాఠంలో పసుపు పిల్లదుంపకు కొమ్ము, తల్లిదుంపకు మండ అని గడులపై వ్రాసినచో, వాటినే నిజామాబాద్ మార్కెట్ యార్డులో కాడి, గోళ అని విన్న పిల్లవాడు తన ఇంటి పంటనే ఎరుగనివాడై నిలుచును; ఈ దోషము పాఠకర్తది.

తాత్పర్యము: బొమ్మలను వాటి వాటి చోట్లకు చేర్చుమని భావము.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో ‘లాగి’ అన్న చోట ‘నొక్కి’ అని ఉన్నది, అనగా ముందు బొమ్మను తాకి, పిదప గడిని తాకినచో చాలును. చేయి వణికేవారికి, మౌసును పట్టలేనివారికి లాగుడు లేని దారి తప్పక ఉండవలెనని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సి 2023 అక్టోబరు 5న వెలువరించిన డబ్ల్యూసీఏజీ 2.2 నియమావళి కూడ ఈ పాఠాన్నే బలపరుస్తున్నది. దీనిని అంగీకరించినచో ‘లాగి’పై పైన చేసిన వ్యాఖ్య యావత్తు వ్యర్థమగును గనుక, వ్యాఖ్యాతలు దీనిని ప్రక్షిప్తమని నిర్ణయించిరి.