ఉత్తిదే బాబాయి

శాస్త్రం, సాంకేతికం, సాఫ్ట్‌వేరు అన్న మాటలు చెవిన పడగానే, ఎదుటివాడు చెప్పడం పూర్తి చేయకముందే "అంతా ఉత్తిదే" అని తేల్చేసే పెద్దమనిషిని ఉత్తిదే బాబాయి అంటారు. తెలంగాణలో ఇతణ్ణే 'కాక' అనో 'చిన్నాయిన' అనో పిలుస్తారు. వయసు సాధారణంగా యాభై అయిదు దాటి ఉంటుంది గానీ, ముప్పై ఏళ్ళకే ఈ దశకు చేరుకున్నవాళ్ళు సాఫ్ట్‌వేరు కంపెనీల క్యాంటీన్లలో కనిపిస్తున్నారు. వృత్తిరీత్యా రిటైరైన లెక్కల మాస్టారో, విద్యుత్ శాఖ ఇంజనీరో, బ్యాంకు హెడ్ క్యాషియరో అయివుంటాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎదుటివాడి లెక్క తప్పేమోనని అనుమానించడానికే ఈ ముగ్గురికీ జీతం ముట్టింది. రిటైరయ్యాక జీతం సగమై పింఛను అయింది. అనుమానం మాత్రం సగం కాలేదు.

పొద్దున ఆరింటికి పార్కు బెంచీ, ఎనిమిదింటికి టీకొట్టు, ముహూర్తాల రోజుల్లో పెళ్ళిపందిట్లో ఫ్యాను కింది వరస ఇతడి ఉనికిపట్లు. చేతిలో కొడుకు కొనిచ్చిన ఖరీదైన స్మార్ట్‌ఫోను ఉంటుంది. స్మార్ట్‌ఫోన్లు మనుషుల్ని ఎలా పాడుచేస్తున్నాయో చెప్పే వీడియోలు అందులోనే చూస్తుంటాడు. మణికట్టుకు అడుగులు లెక్కపెట్టే వాచీ ఉంటుంది. ఆ లెక్కను ఇతడు నమ్మడు. కూర్చున్నచోటే చెయ్యి ఊపి, పెరిగిన అంకెను పక్కవాడికి చూపిస్తాడు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు. ఆ వాచీలో ఉన్నది చేతి కదలికను పసిగట్టే సెన్సరే. కాలు నేలకు ఆనిందో లేదో దానికి తెలియదు. రోజుకు 10,000 అడుగులు నడవాలన్న నియమం సైతం వైద్యశాస్త్రం లెక్కగట్టి ఇచ్చింది కాదు. 1965లో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరానికి 'పదివేల అడుగుల మీటరు' అని పేరుపెట్టి అమ్మింది, అంకె అలా స్థిరపడిపోయింది. బాబాయికి ఈ సంగతి తెలియదు. తెలియకుండానే సరైన చోటికి చేరడం ఇతడికి మామూలే, తప్పు చోటికి చేరడం కూడా అంతే మామూలు.

ఈ జాతి పుట్టుకకు చరిత్రలో గట్టి కారణాలున్నాయి. 1979లో అమెరికావాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడబోతోందని వార్త వచ్చేనాటికి బాబాయి నిక్కర్లు తొడుక్కునే వయసులో ఉన్నాడు. ఎలాగూ పోతున్నాం కదా అని తెలుగు పల్లెల్లో కోళ్ళనూ మేకలనూ కోసుకుతిన్నారు. అప్పులిచ్చినవాళ్ళు కంగారుపడ్డారు, తీసుకున్నవాళ్ళు నిశ్చింతగా నిద్రపోయారు. జులై 11న ఆ ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. అక్కడి ఎస్పెరన్స్ పాలకమండలి, మా నేల మీద చెత్త పారేశారంటూ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. మన దగ్గర మిగిలినవి ఖాళీ కోళ్ళగంపలు, ఆ ఏడు పుట్టి ఆ పేరే పెట్టించుకున్న కొందరు స్కైలాబులు. "ఆనాడే చెప్పాను" అంటాడు బాబాయి. ఆనాడతను చెప్పిందేమీ లేదు, కోడికూర తిన్నాడు.

ఇరవై ఏళ్ళకు వైటూకే వచ్చింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి చివరి రెండంకెలే రాశారు కాబట్టి, 2000 రాగానే కంప్యూటర్లు దాన్ని 1900 అనుకుని తలకిందులవుతాయన్నారు. అమీర్‌పేట సందుల్లో కోబాల్ నేర్పుతామన్న బోర్డులు లేచాయి, కుర్రాళ్ళు విమానాలెక్కారు. జనవరి 1న కరెంటు పోలేదు, బ్యాంకులు కూలలేదు. బాబాయి తీర్పు వెంటనే వెలువడింది. వేలకోట్ల డాలర్లు ఖర్చుపెట్టి, ఏళ్ళ తరబడి కోడు సరిచేశారు కాబట్టే ఏమీ కాలేదన్న జవాబు ఇతడి చెవికెక్కదు. గొడుగు కింద తడవకుండా ఇంటికొచ్చినవాడు, అసలు వానే పడలేదని వాదించినట్టుంటుంది ఇతడి తర్కం. ఇతడు కూర్చుని ఆ మాట అంటున్న అరుగుకు గ్రానైటు పరిపించింది వైటూకే పని మీద వెళ్ళిన తమ్ముడి డాలర్లేనన్నది కుటుంబంలో అందరికీ తెలిసినా ఎవరూ ఎత్తని విషయం.

ఇన్నిటిని నమ్మనివాడు 1996 నాటి మూలికల పెట్రోలును మాత్రం విన్నపూటే నమ్మాడు. చదువు మధ్యలో మానేసిన రామర్ పిళ్ళై అనే తమిళనాడు పల్లెటూరి మనిషి, ఆకులూ నీళ్ళూ మరిగిస్తే ఇంధనం వస్తుందన్నాడు. పరీక్షల్లో గుట్టు రట్టయింది. 2016లో చెన్నై కోర్టు మూడేళ్ళ జైలుశిక్ష వేసింది. బాబాయి లెక్కలో అది ఈనాటికీ చమురు కంపెనీల కుట్రే. అదే ఏడాది చివర్లో వచ్చిన రెండువేల నోటులో నానోచిప్ ఉందనీ, భూమిలో 120 మీటర్ల లోతున పాతినా ఉపగ్రహానికి తెలిసిపోతుందనీ బావమరిది పంపితే, అదీ నమ్మాడు. రిజర్వు బ్యాంకు ప్రకటించిన భద్రతా లక్షణాల్లో అలాంటిదేమీ లేదని చెబితే, "వాళ్ళెందుకు చెబుతారురా పిచ్చోడా" అన్నాడు. ఏం చెప్పారన్నది ఇతడికి ముఖ్యం కాదు, ఎవరు చెప్పారన్నదే కొలబద్ద. కోటు వేసుకున్నవాడు చెబితే ఉత్తిది, కోటువాళ్ళను నేను ఓడించానని ఇంకొకడు చెబితే సత్యం.

అంత మాత్రాన ఇతణ్ణి తీసిపారేయకూడదు. వ్యాపార ప్రకటనల్లో చిన్న అక్షరాలను కళ్ళద్దాలు సవరించుకుని మరీ చదివే పౌరుడు దేశంలో ఇతడొక్కడే కావచ్చు. ఇంటర్నెట్టు వేగం "100 ఎంబీపీఎస్ వరకు" అని ఉంటే, ఆ 'వరకు' దగ్గర వేలు పెట్టి ఆపుతాడు. సున్నా కూడా వందవరకులోదే కదా అని అడుగుతాడు. ఎలక్ట్రిక్ స్కూటరు ఒక్క ఛార్జింగుతో ఇన్ని కిలోమీటర్లు పోతుందంటే, ఆ కిలోమీటర్లు ఎక్కడ కొలిచారని అడుగుతాడు. రోలర్ల మీద చక్రాలు తిప్పుతూ, నిర్ణీత పద్ధతిలో ప్రయోగశాలలో కొలిచిన దూరమది. గుంతలూ ఫ్లైఓవర్లూ వెనక కూర్చున్న పిన్నీ ఆ లెక్కలో ఉండరు. 1990ల్లో 'ఫజీ లాజిక్' అని అమ్మిన వాషింగ్ మెషీన్ల తరహా తెలివినే ఇప్పుడు 'ఏఐ' స్టిక్కరంటించి అమ్ముతున్నారన్నది ఇతడి మరో వాదం. ఇందులో పాలెక్కువ, నీళ్ళు తక్కువ.

బాబాయి ప్రతిభ పతాకస్థాయిలో కనిపించేది నీళ్ళ ఫిల్టరు అమ్మే కుర్రాడు ఇంటికొచ్చిన రోజున. టక్ చేసుకున్న కుర్రాడు టీపాయి మీద రెండు గాజుగ్లాసులు పెడతాడు. ఒకదాంట్లో ఇంటి కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో ఆర్వో నీళ్ళు. సంచిలోంచి నాలుగు లోహపు కడ్డీలున్న పెట్టె తీసి, రెండేసి కడ్డీలు ఒక్కో గ్లాసులో ముంచి ప్లగ్గు పెడతాడు. కాసేపటికే కుళాయి నీళ్ళు పచ్చగా, ఆ తర్వాత తుప్పురంగుగా మారి పైన తెట్టు కడతాయి. ఆర్వో నీళ్ళు తేటగానే ఉంటాయి. "ఆంటీ, ఇన్నాళ్ళూ మీరు తాగింది ఇదే" అంటాడు కుర్రాడు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. బాబాయి లేచి, ప్లగ్గు పీకి, వంటింట్లోకెళ్ళి జాడీలోంచి చిటికెడు గళ్ళుప్పు తెస్తాడు. కొత్తగా పోయించిన ఆర్వో నీళ్ళలో వేసి చెంచాతో కలిపి, "ఇప్పుడు పెట్టు నాయనా స్విచ్చి" అంటాడు. తేటనీళ్ళు కుళాయి నీళ్ళకన్నా తొందరగా మురికెత్తుతాయి. కుర్రాడు పెట్టె సర్దుకుని, మంచినీళ్ళు కూడా అడక్కుండా వెళ్ళిపోతాడు.

కిటుకంతా కడ్డీల్లో ఉంది. జతలో ఒకటి ఇనుము, రెండోది అల్యూమినియం. లవణాలు కరిగివున్న నీళ్ళలో కరెంటు బాగా పారుతుంది, ఇనుపకడ్డీ కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్వో నీళ్ళలో లవణాలు బాగా తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, కడ్డీ అరగదు. గ్లాసులో కనిపించిన మురికి కడ్డీదే తప్ప నీళ్ళది కాదు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో కరిగిన ఘనపదార్థాలు 500 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. ఇక్కడితో ఆగితే బాబాయికి శాలువా కప్పొచ్చు. ఆగడు. సాయంత్రానికల్లా, నీళ్ళలో కాలుష్యమన్నదే ఫిల్టరు కంపెనీల కల్పన అన్న సిద్ధాంతం టీకొట్టు దగ్గర విడుదలవుతుంది. నల్లగొండ జిల్లాలో ఎముకలను వంకర్లు తిప్పిన ఫ్లోరైడుకు రంగూ లేదు, వాసనా లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. పటిక, సున్నం కలిపి దాన్ని తొలగించే విధానానికి 'నల్లగొండ పద్ధతి' అన్న పేరే ఉంది. కడ్డీ ముంచినా, ఉప్పు వేసినా ఫ్లోరైడు బయటపడదు. ల్యాబులో పరీక్ష చేయించాలి. ల్యాబు రిపోర్టును బాబాయి నమ్మడు.

చంద్రుడి దగ్గర ఇతడు చిక్కుల్లో పడతాడు. 1969లో అమెరికావాళ్ళు దిగింది స్టూడియోలోనన్నది పాత విశ్వాసం. జెండా ఎలా ఎగిరిందన్నది ఆయుధం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం, ఎందుకంటే అది ఎగిరింది శ్రీహరికోట నుంచి, తోడల్లుడిది సూళ్ళూరుపేట. చంద్రయాన్-2 ఆర్బిటరు కెమెరా అపోలో-11 దిగినచోట మిగిలిపోయిన భాగాన్ని ఫొటో తీసిందని మనవడు చెప్పినప్పటినుంచి, ఈ అంశం మీద మాట వస్తే టీ చల్లారుతోందంటాడు.

ఈ జాతిలో స్త్రీలూ ఉన్నారు. పిన్ని సందేహాలు వంటింటి సరిహద్దు దాటవు గనక వాటిలో సరుకెక్కువ. ఎయిర్ ఫ్రయ్యరులో వేసింది వేపుడు కాదనీ, వేడిగాలికి ఎండిన కూర అనీ ఆమె మొదటిరోజే చెప్పింది. నిజానికి ఆ పెట్టె చిన్నసైజు ఓవెనే, ఫ్యాను ఉందంతే. ఇండక్షన్ పొయ్యిని నెలరోజులు నమ్మలేదు, తర్వాత పాలు పొంగిన వేగం చూసి నమ్మింది. పిన్నికీ బాబాయికీ తేడా ఇదే: ఆమె వండి చూస్తుంది.

ఉత్తిదే బాబాయిని హేతువాదిగా పొరబడేవాళ్ళున్నారు. విజయవాడ నాస్తిక కేంద్రంవాళ్ళు నిప్పుల మీద నడవడం మహిమ కాదని చెప్పడానికి తామే నడిచి చూపించారు. జన విజ్ఞాన వేదికవాళ్ళు బడుల్లో బాబాల కనికట్టులన్నీ చేసి, వెంటనే గుట్టు విప్పుతారు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో 51ఎ అధికరణం చేర్చింది ఇలాంటి పనికే. బాబాయికి నడిచే ఓపిక లేదు. ఉబ్బసానికి ఇన్‌హేలరు అలవాటు చేసి మందుల కంపెనీలు దోచుకుంటున్నాయంటాడు. మృగశిర కార్తెకు మాత్రం హైదరాబాదులో క్యూ కట్టి, కొర్రమీను పిల్లను నోరు తెరిచి మింగి వస్తాడు. 5జీ తరంగాలు మనిషిని కాల్చేస్తాయని భయపడి, వాటినుంచి రక్షిస్తుందన్న లాకెట్టు మెళ్ళో వేసుకుంటాడు. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ ఇలాంటి పది సరుకులను పరీక్షించి, వాటిలోంచే అణుధార్మిక కిరణాలు వస్తున్నాయి, ఒంటిమీద ఉంచుకోవద్దని హెచ్చరించింది.

ఏఐ వచ్చాక ఇతడికి రెండో యవ్వనం వచ్చింది. మనవడి ఫోనులో చాట్‌బాటును సొంతూరి చరిత్ర చెప్పమన్నాడు. అది తడుముకోకుండా ఊరికొక కోటను కట్టి, కోటకొక రాజును కూర్చోబెట్టి, ఆ రాజు తవ్వించిన చెరువుకు పేరు కూడా పెట్టింది. ఊళ్ళో ఉన్నది రైసుమిల్లు. ఈ కథ టీకొట్టులో ఇప్పటికీ నడుస్తోంది. 2023లో న్యూయార్కులో ఇద్దరు లాయర్లు ఇలాగే చాట్‌బాటు పుట్టించిన లేని కేసులను కోర్టుకు సమర్పించి, 5,000 డాలర్ల జరిమానా కట్టవలసి వచ్చింది. యంత్రం లోపల ఎవడో మనిషి కూర్చుని టైపు చేస్తాడన్నది బాబాయి రెండో అనుమానం. చరిత్రలో దీనికీ ఆధారముంది. 1770లో కెంపెలెన్ అనేవాడు వియన్నాలో ప్రదర్శించిన చదరంగమాడే యంత్రం దశాబ్దాలపాటు ఐరోపాను అబ్బురపరిచింది, దాని పెట్టెలో ఆటగాడు దాక్కునేవాడు. చాట్‌బాటు లోపల మనిషి లేడు. కోట్ల పుటల రాతలు చదివించి, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టే లెక్క ఉంది. అంచనా కాబట్టే రైసుమిల్లు ఉన్నచోట కోట లేచింది. లెక్కలు తెలిసిన బాబాయికి ఈ వివరణ అర్థమవుతుంది, నచ్చదు. మనిషే ఉంటే తిట్టడానికి వీలుంటుంది.

ఇంతటి అనుమానం పిల్లిలా ముడుచుకునే సందర్భం ఒక్కటుంది. వీడియోకాల్లో ఖాకీచొక్కా కనిపించి, మీ పేరున వచ్చిన పార్సిల్లో మత్తుమందులు దొరికాయి, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఫోను పెట్టేస్తే జైలే అంటే, చంద్రుణ్ణి నమ్మనివాడు ఆ చొక్కాను నమ్ముతాడు. గది తలుపేసుకుని, ఫిక్స్‌డ్ డిపాజిట్టు విడగొట్టి, వాళ్ళు చెప్పిన ఖాతాకు పంపిస్తాడు. డిజిటల్ అరెస్టు అనేది భారతీయ చట్టాల్లో ఎక్కడా లేదు; ఏ పోలీసూ, ఏ సీబీఐ అధికారీ వీడియోకాల్లో అరెస్టు చేయడు, డబ్బు అడగడు. ఇంట్లో బాబాయి ఉన్నవాళ్ళు ఈ ముక్క ముందే చెప్పి ఉంచాలి. డబ్బు పోయిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేస్తే, అది చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది. ఆ నంబరు కూడా ఉత్తిదేనంటాడు కాబట్టి, పక్కన కూర్చుని మీరే డయల్ చేసి ఇవ్వండి.