కుందేలు కూత

చస్తున్న కుందేలు ఎలా అరుస్తుందో మీరు ఇంతవరకూ వినలేదంటే అదృష్టవంతులు. మా సెక్టారంతా వినేసింది. టెక్సాస్ నుంచి సెలవులకి వచ్చిన మేనల్లుడు, చీకటి పడటం ఆలస్యం, మా క్వార్టర్ పెరట్లో జామచెట్టు కింద స్పీకర్ పెట్టి ఆ అరుపే మోగిస్తున్నాడు. అక్కడ కొయోటీల్ని ఇలాగే రప్పించి కాలుస్తారట. ఇక్కడ నక్కొస్తే ఫొటో తీస్తాట్ట.

"కాల్చడాలేం లేవు మావయ్యా, 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం నాకూ తెలుసు" అని నాకే ధైర్యం చెబుతాడు.

ఇప్పటిదాకా వచ్చినవాళ్ళు: వీధికుక్కలు, వాటి వెనకే "కిస్కో మార్ రహే హో భైయా?" అంటూ ఎదురింటాయన. నక్క జాడ లేదు. కొయోటీ నేరుగా రాదట, గాలివాటు చూసుకుని, చుట్టూ తిరిగి, వాసన పట్టి చూశాకే అడుగేస్తుందట. ఓ పూట మా ఆవిడ ఎండుచేపలు వేయించింది. నేరం ఆవిడ మీద పడింది.

"నక్క కోసం పొయ్యి ఆర్పుకోవాలేంట్రా?" అంది గరిటెతో సహా బయటికొచ్చి.

అసలు పిలిచి రప్పించడం అంటే మా మున్సిపాలిటీ చెత్తబండిది. గాలివాటూ చూడదు, పొదలోనూ దాక్కోదు. పాట పెడుతుంది, అంతే. నైటీల మీద తువ్వాళ్ళు కప్పుకుని ఆడవాళ్ళూ, నోట్లో బ్రష్షుతో నేనూ బకెట్లతో పరుగు. తీరా వెళ్తే బండి పక్కవీధిలో ఉంటుంది. ఇంటికొచ్చి నోరు పుక్కిలించేలోగా మనవీధిలో ఉంటుంది. మళ్ళీ పరుగు. ఈమధ్య ఓ పెళ్ళిలో, సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి, ఎవడిదో ఫోను అదే పాటతో మోగింది. ముందువరసలో ఇద్దరు లేచి నిలబడ్డారు. ఒకావిడ చెయ్యి బకెట్ కోసం కుర్చీ కింద వెతికింది కూడా. పెళ్ళికొడుకు మాత్రం కదల్లేదు. వాడు బెంగుళూరువాడు, మన ట్రైనింగు లేదు.

మేనల్లుణ్ణి స్పీకర్ ఖరీదెంతరా అంటే డాలర్లలో చెప్పాడు. రూపాయల్లోకి మార్చుకునే ధైర్యం చెయ్యలేదు.

ఆంధ్రాలో నక్కలవాళ్ళకి స్పీకరేం లేదు. నోటితోనే ఊళవేసి నిజం నక్కని వలదాకా రప్పించేవారు. ఆ పేరే వాళ్ళకి కులమైంది. వాళ్ళు ఊళ్ళోకి వస్తే మా తాతగారి ఇంట్లో చెంబులు లోపల పెట్టేసేవారు. తర్వాత చట్టం వచ్చింది. నక్కకి మంచిదే, కాదనను. వాళ్ళు పూసలూ సూదులూ అమ్ముకోవడంలో పడ్డారు. గొంతులో ఉన్న ఆ విద్య నేర్పమని వాళ్ళనెవరూ అడిగినట్టు లేదు. అదే పనిని డబ్బాలో పెట్టి, రిమోట్ తగిలించి అమ్మితే, మావాడు సూట్‌కేసులో బట్టల మధ్య భద్రంగా చుట్టి తెచ్చాడు.

ఆదివారం రాయ్‌పూర్‌లో విమానం ఎక్కుతాడు. ఈలోగా కోడిపిల్ల అరుపు పెట్టి చూస్తాట్ట. మా ఆవిడ ఎదురింటివాళ్ళకి ముందే చెప్పొచ్చింది.