బెటర్‌మెంట్ లేని దేశం

మా బావగారికి ఎంసెట్‌లో ఎంత ర్యాంకు వచ్చిందో తెలియని తెలుగువాళ్ళు ఎడిసన్‌లో లేరు. గుళ్ళో ప్రసాదం లైన్లో అప్పుడే పరిచయమైన కొత్త దంపతులకు కూడా ఊరు, ఇంటిపేరు, ర్యాంకు అదే వరసలో చెబుతారు. ఆ అంకె మీద ఇంజనీరింగు సీటు, దాని మీద ఉద్యోగం, దాని మీద వీసా, మా అక్క, న్యూజెర్సీలో ఇల్లు అంతస్తులు అంతస్తులుగా లేచాయి. అందుకని కూతురు డిగ్రీ ముగించి, 3.08 జీపీఏ చేతబట్టుకుని, మెడికల్ కాలేజీకి అప్లై చేస్తానన్నప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న సహజమైనదే.

“ఇది ర్యాంకులో ఎంతకొస్తుంది?”

ఇక్కడ ర్యాంకులుండవని ఆ పిల్ల చెప్పింది. ఆ రోజు నుంచి వాళ్ళింట్లో శనివారం పెసరట్టు ప్రశాంతంగా తినే యోగం నాకు పోయింది.

మా మేనకోడలికి బుర్ర లేక కాదు. మొదటి రెండేళ్ళు కాలేజీ డాన్స్ టీముతో ఊళ్ళు తిరిగింది. తిరిగొచ్చేసరికి ఆర్గానిక్ కెమిస్ట్రీ కాచుకుని ఉంది. ఇక్కడ డాక్టరవుదామని బయల్దేరిన పిల్లల్లో చాలామంది మనసు మార్చుకునేది ఆ క్లాసులోనే. అందులో సీ, ఫిజిక్స్‌లో ఇంకో సీ. తర్వాత బుద్ధిగా కూర్చుని అన్నీ ఏలే తెచ్చుకుంది గానీ, సగటు అన్నది పాత పగలు మరిచిపోయే రకం కాదు.

“దానికింత ఏడుపెందుకు? ఆ రెండు సబ్జెక్టులూ మళ్ళీ రాసెయ్. ఇంటర్లో మేం బెటర్‌మెంట్ రాయలేదా?” అన్నారు బావగారు.

“మళ్ళీ చదివినా పాత సీ పోదు నాన్నా. ఆమ్‌కాస్ వాళ్ళు రెండూ లెక్కేస్తారు.” ఆమ్‌కాస్ అంటే ఎం.డి. కాలేజీలకు ఉమ్మడి దరఖాస్తు. అంతటితో ఊరుకోరట. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు ఏరి, వాటికి విడిగా ఇంకో జీపీఏ కడతారట. “ఆస్టియోపతీ కాలేజీల వాళ్ళు మాత్రం పాతది తీసేసి కొత్తది వేసుకునేవాళ్ళు. 2017లో వాళ్ళూ మానేశారు.”

బావగారు మా అక్క వంక తిరిగారు. “మనం పెళ్ళి ఇంకో అయిదేళ్ళు ముందు చేసుకోవాల్సిందే.”

ఆయన దుఃఖమొచ్చినా, సంతోషమొచ్చినా ఎక్సెల్ తెరుస్తారు. 120 క్రెడిట్లు, 3.08. ఇంకో ఏడాది కూర్చుని 30 క్రెడిట్లు చదివి, ఒక్క మార్కు కూడా పోకుండా అన్నిటిలోనూ 4.0 తెచ్చుకుందనుకుందాం. ఎంటర్ కొట్టారు. 3.26. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అంతే. ఎం.డి. కాలేజీల్లో చేరినవాళ్ళ సగటు 3.7 పైమాటే.

“పులుసులో ఉప్పెక్కువైతే తీసే దారుంటుందా? నీళ్ళూ బెల్లమూ పోసి పెంచుకోవడమే” అంది అక్క వంటింట్లోంచి. లెక్క ఆవిడకు అర్థమైనంత తొందరగా మా ఇద్దరు ఇంజనీర్లకూ అర్థం కాలేదు.

అసలు ఈ వ్యవహారంలో అక్కే నయం. డిగ్రీ అయ్యాక మళ్ళీ సైన్సు కోర్సులు చదివే పద్ధతి ఒకటుంది, పోస్ట్‌బ్యాక్ అంటారని పిల్ల గంటసేపు వివరిస్తే, “విజయవాడలో లాంగ్ టర్మ్ కదే” అని ఒక్క ముక్కలో తేల్చేసింది. స్పెషల్ మాస్టర్స్ అని ఇంకో దారుంది. అందులో ఏకంగా మెడికల్ కాలేజీ మొదటి ఏడాది స్థాయి పాఠాలే చదివిస్తారు. బాగా చదివితే ‘ఈ పిల్ల తట్టుకోగలదు’ అన్న నమ్మకం కలుగుతుంది. చదవకపోతే సందేహం కాస్తా రుజువవుతుంది. పైగా ఆ మార్కులు డిగ్రీ సగటులో కలవవు, విడిగా కూర్చుంటాయి. ఫీజు విన్నాక బావగారు పోస్ట్‌బ్యాకే శాస్త్రోక్తమన్నారు.

ఇక మెడికల్ కాలేజీల ఎంట్రన్సు, ఎంక్యాట్. ఆయనకు ఎన్నాళ్ళకో తెలిసిన మాట వినబడింది, పరీక్ష. ప్రాణం లేచొచ్చింది. మార్కులు 472 నుంచి 528 దాకా అని తెలిశాక మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.

“ఏమీ రాయకుండా కూర్చున్నా 472 ఇస్తారా?”

“కింది హద్దు అంతే నాన్నా. నాలుగు భాగాలు, ఒక్కోదానికీ 118 నుంచి 132.”

“మా రోజుల్లో సున్నా వచ్చేది” అన్నారు, అదేదో పోగొట్టుకున్న ఆస్తిలాగా.

నాలుగు భాగాల్లో మూడింటికి పుస్తకాలున్నాయి. కార్స్ అనే నాలుగోదానికి లేవు. తత్వమో, చరిత్రో, చిత్రకళో ఏదో ఒక వ్యాసమిస్తారు, చదివి రచయిత ఏమంటున్నాడో చెప్పాలి. సిలబస్ లేని పరీక్ష లోకంలో ఉంటుందని బావగారు నమ్మలేదు. నమూనా పేపరొకటి తానే పట్టుకు కూర్చున్నారు. ఆధునిక శిల్పం మీద వ్యాసం. ఆరు ప్రశ్నల్లో అయిదు తప్పు. రచయిత అభిప్రాయమేమిటని అడిగిన ప్రతిచోటా ఈయన తన అభిప్రాయం గుర్తించారు. “వాడు చెప్పిందే తప్పయితే నేనేం చెయ్యను?” అని ఆ శిల్పం రచయితతో రాత్రి భోజనాల దాకా వాదిస్తూనే ఉన్నారు. పరీక్ష రోజు ఏడున్నర గంటలు లోపల ఉండొచ్చిన కూతురు మాత్రం 513 తెచ్చుకుంది. పాత సీలకు అదే గట్టి జవాబు.

అంకెలు చక్కబడ్డాయి కదా, ఇక సీటొచ్చేసినట్టేనని మేమనుకున్నాం. అప్పుడు మొదలయ్యాయి అంకెలు కానివి. డాక్టర్ల వెంట తిరగాలి. రోగుల మధ్య పనిచెయ్యాలి. పిల్ల ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో స్క్రైబుగా చేరింది. డాక్టరు రోగితో మాట్లాడుతుంటే పక్కన నిలబడి అంతా కంప్యూటర్లోకి ఎక్కించడం. “డాక్టరవడానికి ముందు గుమాస్తా అవ్వాలటే?” అని అక్క బాధపడింది. పాఠం చెప్పిన ప్రొఫెసర్ల ఉత్తరాలు కావాలంటే, బావగారు గుడి కమిటీ చైర్మన్ గారి చేత రాయిస్తానన్నారు, పెద్ద లెటర్‌హెడ్ ఉందట.

అసలు యుద్ధం పర్సనల్ స్టేట్‌మెంటు దగ్గర జరిగింది. డాక్టరెందుకు కావాలనుకుంటున్నావో ఖాళీలతో సహా 5,300 అక్షరాల్లో చెప్పాలి. సాయం చేస్తానని బావగారు రాత్రంతా కూర్చుని పొద్దున చేతికిచ్చారు. వాళ్ళ నాన్నగారు గోదావరి లంకలో పుట్టడం, బడికి పడవలో వెళ్ళడం, కిరసనాయిలు దీపం, వరదలో కొట్టుకుపోయిన ఎక్కాల పుస్తకం, అన్నీ ఉన్నాయి. 4,900 అక్షరాలయ్యేసరికి బావగారు ఇంకా ఎంసెట్ హాల్లోనే ఉన్నారు.

“నాన్నా, ఇందులో నేనెక్కడ?”

“వస్తావు తల్లీ. మిగతా నాలుగొందలూ నీవే.”

ఆ రెండు సీల గురించి ఏం రాయాలన్నది రెండో గొడవ. “కామెర్లొచ్చాయని రాయి” అన్నారు, తడుముకోకుండా. తెలుగు పాఠకులకు దీని సంగతి చెప్పక్కర్లేదు. మా తరంలో ర్యాంకు రాని ప్రతివాడికీ పరీక్షకు సరిగ్గా వారం ముందు కామెర్లొచ్చాయి, మొహమాటస్థులకు టైఫాయిడ్. ఆ లెక్కన ఏటా ఎంసెట్ రోజున కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆరోగ్యంగా ఉన్నది మొదటి వెయ్యి ర్యాంకుల వాళ్ళు మాత్రమే. పిల్ల ఒప్పుకోలేదు. టైము చూసుకోవడం చేతకాలేదని ఒక వాక్యం, ఏం మార్చుకున్నానో ఒక వాక్యం రాసి, మిగతాదంతా ఎమర్జెన్సీలో రాత్రి డ్యూటీల గురించి రాసింది. బావగారికది తద్దినం రోజున అప్పులు చదివినట్టనిపించింది గానీ, నాకు నచ్చింది. ఈ పద్ధతి మొత్తంగా నాకు నచ్చిందని మాత్రం అనను. మన దగ్గర ఒక్క పూట పరీక్ష మనిషిని ముంచినా తేల్చినా ఆ పూటతో అయిపోతుంది. ఇక్కడ నువ్వెవరివో చెప్పమని ఏళ్ళతరబడి అడుగుతారు, అడిగిన ప్రతిసారీ ఫీజు తీసుకుంటారు.

అప్లై చెయ్యడానికి కూర్చిన లిస్టులో ఆస్టియోపతీ కాలేజీలూ ఉన్నాయి. జీపీఏ దెబ్బతిన్న పిల్లల్ని వీళ్ళు కాస్త ఓపిగ్గా చూస్తారని పేరు. అక్కడ చదివితే పేరు పక్కన ఎం.డి. కాదు, డి.ఓ. అప్పటి మందుల మీద నమ్మకం పోయిన ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు 1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. ఈనాడు 50 రాష్ట్రాల్లోనూ డి.ఓ.లు అందరు డాక్టర్లలాగే మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. దానితోపాటు ఎముకలూ కండరాలూ చేత్తో సరిచేసే విద్యొకటి అదనంగా నేర్చుకుంటారు.

“ఎముకలు సర్దేవాళ్ళా! పుత్తూరు కట్టు కోసం ఇంత అప్పా?” అన్నారు బావగారు.

అక్క మాత్రం అసలు ప్రశ్న అడిగింది. “శుభలేఖలో ఎట్లా వేస్తారే?”

“డాక్టర్ అనే అమ్మా.”

“అయితే ఇంకేం” అని అక్క లోపలికి వెళ్ళిపోయింది.

ఆస్టియోపతీ కాలేజీలోనే సీటొచ్చింది. పిల్ల మొదటి సెమిస్టరు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు నేనూ వెళ్ళాను. హాల్లో సోఫాలు పక్కకు జరిపి ఉన్నాయి. పాతికేళ్ళు కంప్యూటరు ముందు కూర్చున్న నడుముతో బావగారు తివాచీ మీద బోర్లా పడుకుని, “ఇంకాస్త కిందికి తల్లీ... ఆఁ, అక్కడే” అంటున్నారు. కుర్చీలో అక్క మెడ పట్టుకుని వంతు కోసం చూస్తోంది. పక్కింటి పంజాబీ ఆయన భుజం నిమురుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. నేను మోకాలు సంగతి ఎత్తబోయేలోపు, నంబరు ప్రకారం రమ్మని బావగారు తల ఎత్తకుండానే చెప్పారు.