వీరేశ్ అలియాస్ ఈరన్న

ఉరుకుంద ఈరన్నస్వామి చలవతో మాధవరం చుట్టుపక్కల ఈరన్నలకు కొదవలేదు. వీధిలో "ఈరన్నా!" అని కేకేస్తే నలుగురు తల తిప్పుతారు. ఐదోవాడు తిప్పడు. బెంగళూరు పోయి వీరేశ్ అయ్యాడు మరి! మొక్కుకుని పేరు పెట్టిన అవ్వకు ఆ కొత్త పేరు నోరు తిరగదు. ఫోన్‌లో "ఒరే ఈరా, తిన్యావా?" అంటుంది. పక్కవాళ్లు విన్నారేమోనని ఈయన గొంతు తగ్గిస్తాడు.

అంత నామోషీ దేనికో! మార్చుకుంటే తప్పేం లేదు లెండి. పక్కనున్న మంత్రాలయం కూడా ఒకప్పుడు మంచాలే. అక్కడి రాఘవేంద్రస్వామి సన్యాసం పుచ్చుకోక ముందు వేంకటనాథుడే. కాకపోతే స్వామివారిని ఆధార్ జిరాక్స్ ఎవరూ అడగలేదు. వీరేశ్‌ను అడుగుతారు. అందులో ఇంకా ఈరన్నే!