నేను దాచిన మాట

పురిటి నొప్పుల గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు, ఆ తర్వాత మనసు పడే బాధ మాత్రం పైకి అనకూడదని చాలా ఏళ్లు నమ్మాను. నొప్పులు ఎంతసేపు పడ్డానో, కుట్లు ఎలా లాగాయో నా కూతురికి కథలుగా చెప్పాను. అది పుట్టిన కొత్తలో ఊరికే ఏడ్చేదాన్నని, పిల్ల ఏడుస్తున్నా లేవబుద్ధికాక గోడవైపు తిరిగి పడుకునేదాన్నని ఎన్నడూ చెప్పలేదు. తల్లినై ఉండి అలాంటి మాట అనడం పాపమనుకున్నాను.

ఆ కూతురే తొలి కాన్పుకు పుట్టింటికొచ్చింది. కాయం, వెల్లుల్లి కారం, వేడినీళ్లు, సాంబ్రాణి ధూపం... బాలింతకు ఏ లోటూ రానీయలేదు. ఒక రాత్రి అది, "అమ్మా, వీణ్ణి ఎత్తుకోవాలంటే భయమేస్తోంది. ప్రేమ రావడం లేదు" అంది. "తప్పు, అలా అనకూడదు. మేం కనలేదా, పెంచలేదా?" అన్నాను. అది మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కుదుటపడిందనుకున్నాను. కన్నబిడ్డ నోరు మూయించి, ఆ మౌనాన్నే ఆరోగ్యం అనుకున్న మూర్ఖురాల్ని నేను.

ఆస్పత్రిలో కాన్పయితే 42వ రోజులోపు ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికొచ్చి తల్లీబిడ్డల్ని చూడాలి. అలా వచ్చినామె పిల్లాణ్ణి తూచి, నా కూతురి ముఖం చూసి, మంచం పక్కన కూర్చుంది. తన రెండో బిడ్డ పుట్టినప్పుడు ఇంట్లో ఒంటరిగా ఉండలేక, పగలంతా వాణ్ణి ఒళ్లో పెట్టుకుని పక్కింటి అరుగు మీదే గడిపానని చెప్పింది. అంతే, నా కూతురు బావురుమంది. బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టడం లేదని, చేతుల్లోంచి జారిపోతాడేమోనని వణుకుతున్నానని చెప్పేసింది.

గుమ్మంలో నిలబడి విన్నాను. అవన్నీ ఒకప్పుడు నేను పడ్డవే. పడ్డదాన్నయ్యీ నాకు జాలి ఎందుకు కలగలేదు? బాధపడినంత మాత్రాన మనసు మెత్తబడదు. దాచుకున్న బాధ నన్ను కఠినం చేసింది. చెప్పుకున్న బాధ ఆమెను నా బిడ్డకు దగ్గర చేసింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. కాన్పయిన తొలి రోజుల్లో కన్నీళ్లు రావడం మామూలే, రెండు వారాల్లో తగ్గుతాయి, ఆ తర్వాతా వదలకపోతే అది కుంగుబాటు కావచ్చు, వైద్యంతో నయమవుతుంది అన్నారు. ఆ కుంగుబాటును గుర్తించేందుకు 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నలు అడిగారు. నవ్వగలుగుతున్నావా, కారణం లేకుండా భయపడుతున్నావా అని. నేను మాత్రం రోజూ పాలు పడ్డాయా, అన్నం తిన్నావా అనే అడిగాను.

ఆ రాత్రే నా సంగతి నా కూతురికి చెప్పాను. "నీక్కూడానా అమ్మా?" అని నా చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు ఏ బాలింతను చూడబోయినా పథ్యం కంటే ముందు నా కథ చెబుతున్నాను. వింటున్న అత్తగార్లకు, భర్తలకు కూడా చెబుతున్నాను. మానసిక సాయం కోసం ఫోన్ చేసే టెలి మానస్ నంబరు 14416 రాసిచ్చి వస్తున్నాను. ఇంటికి పెద్దవాళ్లం మనమే నోరు విప్పాలి. మనం దాచినన్నాళ్లూ మన పిల్లలు తమలోనే ఏదో లోపం ఉందనుకుంటారు.