‘లవంగాలుంటాయి’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: లవంగాలుంటాయి, చూసుకు తినండి.

అవతారిక: ఒకప్పుడు ఫ్రేజర్ స్ట్రీట్ అనిపించుకొని నేడు అనోరఠా రోడ్డుగా వ్యవహారంలో ఉన్న యాంగూన్ వీధిలోని బిర్యానీ దుకాణాల్లో, దంబౌక్ పళ్లెం ముందు కూర్చున్న కొత్తవాడికి పక్కనున్న పాతకాపు చేసే ఉపదేశం ఇది. దంబౌక్ అంటే పారశీకుల ‘దమ్ పుఖ్త్’, అనగా మూత బిగించి ఆవిరి మీద మగ్గించిన బిర్యానీ. భారతదేశం నుంచి వెళ్లిన ముస్లింల వంటిళ్ల నుంచి వచ్చి, ఇప్పుడు బర్మీయుల పెళ్లిళ్లలోనూ దాన సంతర్పణల్లోనూ వడ్డించేంతగా ఆ ఊరి సొత్తయింది. తెలుగువారు ఆ ఊరిని రంగం అనేవారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడెక్కి రంగం పోయినవారిని అక్కడివారు కోరంగి రేవు పేరు మీద కోరంగీలన్నారు. 1931 జనగణన నాటికి రంగం జనాభాలో సగానికి పైగా భారతీయులే కనుక, సూత్రాన్ని తెలుగులో పఠించడం పాఠాంతరమే గాని అపపాఠం కాదు. కర్త ఎవరని అడిగితే అపౌరుషేయమనడమే మర్యాద.

ప్రతిపదార్థం: లవంగాలు = విచ్చుకోకముందే కోసి ఎండబెట్టిన పూమొగ్గలు; నాలుగు రెక్కల రక్షకపత్రం మధ్య గుండ్రని తల గలవి. ఉంటాయి = తప్పక ఉండును; ‘ఉన్నాయి’ అంటే ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపవలసి వచ్చేది, ‘ఉంటాయి’ అనడంతో ఆ బాధ్యత తప్పింది. చూసుకు = ముందు కంటితో, పిమ్మట వేలితో పరీక్షించి; నేతిలో వేగిన కిస్‌మిస్ పండు కూడా అదే ముదురు గోధుమరంగులో మెతుకుల మధ్య నక్కి ఉంటుంది గనుక కన్ను ఒక్కటే ప్రమాణం కాదు. తినండి = భుజింపుడు.

ఇక్కడ కర్మపదం లేదు. ‘అన్నాన్ని’ అని అధ్యాహారం చేసుకోవాలి, అంటే మూలంలో లేని మాటను అర్థం కోసం తెచ్చుకోవాలి. కొందరు సమీపంలో ఉన్నది గదా అని ‘లవంగాలను’ తెచ్చుకొని, వెతికి మరీ తినమని అన్వయిస్తారు. వీరిది అల్పసంఖ్యాక మతం. చీనా హాన్ వంశపు కొలువులో చక్రవర్తితో మాట్లాడేవారు నోట లవంగం పెట్టుకునేవారన్న ప్రసిద్ధిని వీరు సాక్ష్యంగా చూపుతారు. అయితే అక్కడ ప్రయోజనం నోటి వాసన పోగొట్టడమే గాని ఆకలి తీర్చడం కాదు, కాబట్టి దృష్టాంతం చెల్లదు.

టీక: లవంగం మలుకు దీవుల చెట్టు. రఘువంశం ఆరో సర్గలో, ఇందుమతికి కళింగరాజును పరిచయం చేసే చోట, ద్వీపాంతరాల నుంచి లవంగపూలను మోసుకొచ్చే సముద్రపు గాలి ప్రస్తావన ఉంది. రంగం ఓడలు కదిలినదీ ఆ కళింగతీరం వైపు నుంచే. ఆ కావ్యానికి వ్యాఖ్య రాసిన మెదక్ సీమ పండితుడు కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. బిర్యానీ వ్యాఖ్యాతలను ఆ ప్రతిజ్ఞ బంధించదు.

ఇక పూర్వపక్షం, అనగా ఎదుటివాడి వాదం: ఏరి పారేయవలసిన దానిని వేయడమెందుకు, పొడి చేసి కలిపితే సూత్రమే అక్కరలేదు గదా? సమాధానం: లవంగంలో నూటికి 15 నుంచి 20 పాళ్లు సుగంధ తైలం, అందులో అధికభాగం యూజెనాల్, పంటినొప్పికి లవంగనూనె పూసినప్పుడు చిగురును మొద్దుబార్చేది ఇదే. గుండగా వేస్తే ఆ తైలమంతా ఒక్కసారిగా బయటపడి, అన్నం నల్లబడి, కొంచెం ఎక్కువైనా వెనక్కి తీసే దారి ఉండదు. గుండుగా వేస్తే నేతిలో మెల్లగా దిగి, పని కాగానే తొలగడానికి సిద్ధంగా ఉంటుంది. తార్కికులు దీనిని ఉపలక్షణం అంటారు: దేవదత్తుడి ఇల్లేదంటే కాకి వాలిన ఇల్లని చూపిస్తారు, ఆ తర్వాత కాకి ఎగిరిపోయినా ఇల్లు దేవదత్తుడిదే. అలాగే లవంగం పళ్లెం అంచుకు చేరినా అన్నం దంబౌకే. కాకి ఇంట్లో భాగమని ఎవరూ అనరు గాని, లవంగం కొరికినవాడు మాత్రం వంటవాడిని తిడతాడు. ఇది శాస్త్రజ్ఞానం లేకపోవడం వల్ల కలిగే దోషం.

తాత్పర్యం: పరిమళం వండినవాడి పూచీ, మొగ్గ తినేవాడి పూచీ.

ప్రాయశ్చిత్తం: పొరపాటున కొరికి నాలుక మొద్దుబారితే నీళ్లు తాగడం వ్యర్థం, యూజెనాల్ నీటిలో అంతగా కరగదు. నెయ్యి పట్టిన అన్నం ఒక ముద్ద నమిలి, పక్కన పెట్టిన మామిడికాయ పచ్చడి నంజుకొని, గోంగూర పులుసు నీళ్లు రెండు చెంచాలు పుచ్చుకోవాలి. ఆ రెండూ దంబౌక్‌తో పాటే వస్తాయి, విడిగా అడగనక్కరలేదు.